సైకిల్ గుర్తుకే మన ఓటు

మన ప్రజాప్రతినిధులకు సైకిలన్నా, కాలినడకన్నా లెక్కలేదని చెన్నైలో కొందరు అదేపనిగా ఆడిపోసుకుంటూ ఉంటారు. పచ్చి అబద్ధం. ఈ దేశంలో సైకిల్‌కి ఉన్న పలుకుబడి ఏ బెంజి కారుకూ లేదు. టీ.నగర్ బజుల్లా రోడ్డులో కాపురమున్న ఎన్టీఆర్ 1982లో పార్టీ పెడితే దాని గుర్తు సైకిలే అయింది. 1996లో కాంగ్రెస్ నుంచి విడిపోయిన మూపనార్ ఇక్కడే పార్టీ పెట్టి, అదే సైకిల్ గుర్తు మీద 39 మందిని అసెంబ్లీకి, 20 మందిని పార్లమెంటుకి పంపారు. ఒక్క సైకిల్ మీద అంతమంది ఎక్కినా ఏ ట్రాఫిక్ పోలీసూ చలానా రాయలేదు. మరి ఎన్టీఆర్ ఊరూరా తిరిగింది షెవర్లే వ్యాన్‌లో కదా అని మీరు అడగొచ్చు. గుర్తుకి దండం పెడతాం గానీ దాని భుజాలెక్కి ఊరేగుతామా?

ఇక విధానాల సంగతి. మోటారు లేని రవాణా కోసం 2014లో చెన్నై కార్పొరేషన్ ఒక విధానాన్ని ఆమోదించింది. దేశంలో అలాంటిది తెచ్చిన మొదటి నగరం మనదే. రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడిచేవాళ్ళకీ, సైకిల్ తొక్కేవాళ్ళకీ ఇవ్వాలట. 2018 కల్లా 80 శాతం వీధులకు ఫుట్‌పాత్‌లు రావాలట, రోడ్డు మీద వీళ్ళ చావులు సున్నాకి దిగాలట. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. 2018 వచ్చింది, వెళ్ళింది కూడా. గిట్టనివాళ్ళు దీన్ని వైఫల్యం అంటారు, నేను ఒప్పుకోను. గమ్యం త్వరగా చేరాలన్న ఆత్రం మోటారు బళ్ళది. నడక విధానం నడకలాగే నడవాలి, మధ్యలో కాసేపు కూర్చోవాలి కూడా.

అసలు ఫుట్‌పాత్ లేదన్నదెవరు? మా వీధిలో ఉంది. మొదట్లో ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళ పెట్టె ఉంటుంది, తలుపు ఊడి లోపలి వైర్లు వీధిలోకి తొంగి చూస్తుంటాయి. దాన్ని ఒరుసుకుంటూ దాటితే ఇస్త్రీ బండి, బొగ్గుల వేడి సరిగ్గా మోచేతికి తగులుతుంది. తర్వాత వరసగా నాలుగు బుల్లెట్లు, ఒక వేపచెట్టు, చెట్టుకి పసుపు గుడ్డ, మొదట్లో వినాయకుడు. అక్కడ చెప్పులతో దాటాలంటే మనసొప్పదు, విప్పి దాటాలంటే కింద టీ కప్పులు. ఆఖర్న ఒక పార్టీ జెండా దిమ్మె, దాని మీద శిలాఫలకం, ఫలకం మీద శాసనసభ్యుడి పేరు. పాదచారుల దారిలో ప్రజాప్రతినిధి స్వయంగా నిలబడి ఉన్నట్టే కదా! ఇంతకన్నా మద్దతు ఏం కావాలి? అలిపిరి నుంచి నడిచి కొండెక్కిన భక్తుడు కూడా టీ.నగర్ వెంకటనారాయణ రోడ్డులో శ్రీవారి గుడికి ఆటోలో వస్తున్నాడంటే లోపం భక్తిలో ఉన్నట్టు, దారిలో కాదు.

2023లో మాంబళం రైల్వే స్టేషన్ నుంచి టీ.నగర్ బస్టాండుకి 570 మీటర్ల స్కైవాక్, అంటే రోడ్డుకి పైన నడక వంతెన కట్టారు. సుమారు 28 కోట్లు ఖర్చుపెట్టి మరీ నడిచేవాణ్ణి ఆకాశానికెత్తేశారు. రోడ్డు మీద మిగిలిన జాగా ఎవరికి అన్న చిల్లర ప్రశ్న ఆ పండగపూట ఎవరూ వేయలేదు. 2019లో తెరిచిన పాండీ బజార్ పాదచారుల ప్లాజా మాత్రం నిజంగా బాగుంటుంది, అందులో వ్యంగ్యం లేదు. పిల్లల్ని చెయ్యి వదిలి నడిపించొచ్చు. అక్కడ నడవడానికి ఊరి నలుమూలల నుంచీ జనం కార్లేసుకుని వస్తారు.

నడవడంలోనూ మనవాళ్ళు వెనకబడలేదు. 2023 నవంబరులో ప్రభుత్వం జిల్లాకొకటి చొప్పున 8 కిలోమీటర్ల ఆరోగ్య నడక దారులు పెట్టింది. చెన్నైలో బీసెంట్ నగర్‌లో. అప్పటి ఆరోగ్య మంత్రి మా. సుబ్రమణియన్ మారథాన్‌లు పరిగెత్తే మనిషి, ఆయన్ని అనడానికి లేదు. కానీ తెలుసుకోవలసింది ఒకటుంది. నడక అనేది మందు. తెల్లవారుజామున వేసుకోవాలి. తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్ళడానికి ఎవరైనా మందు వాడతారా?

పదకొండో తరగతి పిల్లలకి ఉచిత సైకిళ్ళ పథకం జయలలిత హయాంలో మొదలైంది. ముఖ్యమంత్రులు మారినా అది ఆగలేదు. దాన్ని వెక్కిరించడానికి నాకు నోరు రాదు, దానివల్లే బడి మానని ఆడపిల్లలున్నారు. పని విభజన మాత్రం చూడముచ్చటగా ఉంది. సైకిల్ ఇచ్చే బాధ్యత సర్కారుది, లారీని తప్పించుకునే బాధ్యత పిల్లది. పదకొండుకొచ్చాక ఆమాత్రం తెలివి లేకపోతే ఎలా?

ఇన్నిటిలో నాకు బాగా నచ్చిన సంఘటన 2021 ఏప్రిల్ 6న జరిగింది. నటుడు విజయ్, అప్పటికింకా పార్టీ పెట్టలేదు, చెన్నై నీలాంగరైలో ఓటేయడానికి సైకిల్ మీద వచ్చారు. వెనక బైకుల మంద. పెట్రోలు ధరల మీద నిరసన అన్నారు కొందరు, సైకిల్ రంగు చూసి ఏ పార్టీయో తేల్చేశారు మరికొందరు. చివరికి ఆయన తరఫువాళ్ళు చెప్పిన కారణం ఒక్కటే. బూత్ ఇంటి వెనకే ఉంది, ఆ ఇరుకు సందులో కారు పెట్టడానికి చోటు లేదు.

పన్నెండేళ్ళుగా కార్పొరేషన్ కాగితాల్లో దొరకని కిటుకు ఇక్కడ దొరికింది. పార్కింగ్ లేకపోతే సూపర్‌స్టారైనా సైకిలెక్కుతాడు! కాబట్టి నా విన్నపం చిన్నదే. జార్జి కోటలో సచివాలయం చుట్టూ కార్లు నిలిపే చోటంతా తీసేసి, ఆ జాగాలో సైకిల్ స్టాండు పెట్టాలి. శాసనసభ్యులందరికీ పదకొండో తరగతి పిల్లలకిచ్చే సైకిలే ఇవ్వాలి. వానాకాలం సమావేశాలకి మెరీనా మీదుగా తొక్కుకుంటూ రావాలి.

ఈ అర్జీ చేరిన వారానికే కోటలో మల్టీలెవల్ పార్కింగ్‌కి శంకుస్థాపన జరిగిపోతుందేమోనని, అదొక్కటే నా టెన్షన్.