రెండూ ఒకటేనండి

చవితి పందిట్లో మట్టి గణపతి ముందు పాటకు ఆడే ఫౌంటెన్ పెడదామన్న మాట నా నోటి నుంచే వచ్చింది. ఎంవీపీ కాలనీ అంతా చూస్తుందనుకున్నాను. చూసింది.

సామాను పెద్దదేం కాదు: ప్లాస్టిక్ టబ్బు, 12 వోల్టుల ఆర్385 పంపులు నాలుగు, వాటిని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో ఊనో, ధ్వనిని మంద్రం నుంచి కీచు దాకా ఏడు ముక్కలు చేసే ఎంఎస్‌జీఈక్యూ7 చిప్పు, 5 ఆంపియర్ల అడాప్టరు. ఏడింటిలో 63, 400, 1000, 2500 హెర్ట్జ్ తలా ఒక పంపుకి. డప్పు మొదటిదానికి, గొంతు మధ్య రెండింటికి. ప్రతి పంపుకీ అడ్డంగా, కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ ఒకటి. అది లేకపోతే పంపు ఆగినప్పుడల్లా ఎగదన్నే వోల్టేజీకి, పంపుకు కరెంటు వదిలే స్విచ్చు లాంటి మాస్‌ఫెట్ పోతుంది.

డాబాగార్డెన్స్‌లో ఆ మాస్‌ఫెట్ కోసం ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ అడిగితే షాపాయన ఐఆర్‌ఎఫ్540 చేతిలో పెట్టి "రెండూ ఒకటేనండి" అన్నాడు. కాదు. ఆర్డుయినో ఇచ్చే 5 వోల్టులకు 540 సగమే తెరుచుకుంటుంది. పంపు మూలుగుతుంది, మాస్‌ఫెట్ మీద అట్టు పోసుకోవచ్చు. అప్పటికప్పుడు మార్పించాను. ఆ గర్వంలో, పాట వినే మైకు బోర్డు సరిగ్గా చూసుకోలేదు. అడిగింది మ్యాక్స్4466, వచ్చింది మ్యాక్స్9814.

4466లో గెయిన్, అంటే చప్పుడును ఎంత పెంచాలన్నది, మనం స్క్రూ తిప్పి పెట్టిన చోటే ఉంటుంది. 9814 సొంత తెలివిది. చప్పుడు పెరిగితే గెయిన్ తగ్గిస్తుంది, నిశ్శబ్దమైతే నాలుగైదు సెకన్లలో మెల్లగా 60 డెసిబెల్స్ దాకా ఎక్కి, చెవి రిక్కించి కూర్చుంటుంది. అందుకే పాట సాగినంతసేపూ నీళ్ళు దాదాపు ఒకే మట్టాన, పంచాయతీ కుళాయిలా కారాయి. "బాగుంది బాబూ, ఎప్పుడు మొదలవుద్ది?" అన్నారు పక్క ఫ్లాటు మామ్మగారు.

పాట ఆపి సెక్రటరీగారు మైకు అందుకున్నారు. ఆయన పద్ధతి ఏమిటంటే, ఒక వాక్యం చెప్పడం, కళ్ళద్దాల పైనుంచి అందర్నీ ఒకసారి చూడడం, సరిగ్గా నాలుగైదు సెకన్లు ఆగడం, తర్వాత "అయితే!" అనడం. నా బోర్డుకు ఇంతకంటే అనువైన మనిషి విశాఖ జిల్లాలో దొరకడు. పంపుల రొద వినపడకుండా ఆ మైకు బోర్డును నేనే తీసుకెళ్ళి స్పీకరు పెట్టెకి అతికించాను కూడా.

"అయితే!" మధ్య రెండు పంపులూ గణపతి కిరీటం దాకా లేచాయి. జనం చప్పట్లు. ఆయన, తన మాటకే అనుకుని, ఇంకా నిదానించారు. "అయితే! మెయింటెనెన్సు!" నీళ్ళు షామియానాకి తగిలాయి. "అయితే! బకాయిలు!" స్వామి ఎడమ చెవి రంగు భుజం మీదికి జారింది. పిల్లలు ముందే లెక్కపెట్టడం మొదలెట్టారు: ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఆయన కాగితం తిప్పారు. ఆ తిప్పడానికి ఏడు సెకన్లు పట్టింది. గెయిన్ అంచుకు చేరింది.

"అయితే! 304! రెండు నెలలు!"

రాత్రి మొత్తంలో అంత ఎత్తు లేవలేదు. 304 మాదే.

మర్నాడే డాబాగార్డెన్స్ వెళ్ళాను. "4466 ఇవ్వండి."

"స్టాకు లేదండి."

"మొన్న రెండూ ఒకటేనన్నారు?"

"అందుకేనండి," అంటూ అరలోంచి ఇంకో 9814 తీశాడు.