ఆరు నెలలు నిండిన బిడ్డకు చేప పెట్టవచ్చు

అమెరికాలోని మన కుటుంబాల్లో అన్నప్రాశన ముగిసిన కొద్ది రోజులకే ఒక చర్చ మొదలవుతుంది. పప్పుకట్టు, నెయ్యి వేసి మెత్తగా మెదిపిన అన్నం, ఉడికించిన క్యారట్ వరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు గానీ, చేప మాట ఎత్తేసరికి పురిటికని ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో "ఏడాది నిండనీ అమ్మా, పళ్ళు రానీ" అంటారు. ఆ మాట బిడ్డ మీద ప్రేమతో అన్నదే. అయినా చేపలు తినే ఇంట్లో అంతకాలం ఆగడం వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదనీ, ఆరు నెలలు నిండి, మెడ నిలిపి ఆసరాతో కూర్చుంటూ, మెత్తని ఆహారం మింగడం అలవాటైన బిడ్డకు చేప మొదలుపెట్టవచ్చుననీ నా దృఢమైన అభిప్రాయం.

ఆగమనే సలహా ఒకప్పుడు వైద్యులు ఇచ్చినదే. ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు చేప, వేరుశనగ మూడేళ్ళు వచ్చే వరకు పెట్టవద్దని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2000లో చెప్పింది. అలా ఆపడం వల్ల ఎలర్జీ రాకుండా ఉంటుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో ఆ సలహాను మార్చుకుంది. ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు వేరుశనగను ముందుగానే పెడితే ఆ ఎలర్జీ సుమారు 80 శాతం తగ్గిందని 2015లో వెలువడిన లీప్ అధ్యయనం చూపింది. చేప విషయంలో అంత గట్టి ఫలితం ఉందని నేను అనడం లేదు. ఆలస్యమే రక్షణ అన్న నమ్మకానికి మాత్రం ఇప్పుడు ఆధారం లేదు. మెదడు, కంటిచూపు వేగంగా ఎదిగే ఈ నెలల్లో డీహెచ్ఏ అనే కొవ్వు, అయోడిన్, మేలైన మాంసకృత్తులు ఒకే ముద్దలో అందడం చిన్న విషయం కాదు.

చేప, పాలు కలిస్తే బొల్లి వస్తుందన్న భయం మరొకటి. రోజంతా పాలు తాగే బిడ్డ విషయంలో ఈ భయం సహజంగానే పెరుగుతుంది. బొల్లి చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతినడం వల్ల వస్తుంది. అందులో శరీర రోగనిరోధక వ్యవస్థ పాత్ర ఉంది, చేపకూ పాలకూ సంబంధం లేదు. ఉడికించిన చేపను తల్లిపాలతోనే పలుచన చేసి పెట్టినా ఏ హానీ ఉండదు.

నా దృష్టిలో మన జాగ్రత్తంతా ఉండవలసింది ముల్లు దగ్గర. బొచ్చె, శీలావతి వంటి చేపలకు కండ మధ్యలోనే చీలిన సన్నని ముళ్ళుంటాయి; పులస సంగతి చెప్పనే అక్కరలేదు. వీటితో మొదలుపెట్టకూడదు. సామన్, కాడ్, తిలాపియా ఫిలేలు, అంటే ముల్లు తీసి అమ్మే ముక్కలు, మేలు. అయితే ముల్లు లేదని ప్యాకెట్ మీద రాసి ఉన్నా నమ్మి ఊరుకోకూడదు. ముక్కను ఉప్పు లేకుండా ఆవిరి మీద, లోపలి వేడి 145 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరే వరకు ఉడికించి, చల్లారాక పళ్ళెంలో పొరలు పొరలుగా విడదీసి, ప్రతి పొరనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడాలి. కంటికి కనిపించని ముల్లు వేలికి తగులుతుంది. ఆ తరువాతే అన్నంలోనో చిలగడదుంపలోనో కలిపి మెదపాలి. పులుసులోని ముక్కను నీళ్ళలో కడిగి పెట్టడం మన ఇళ్ళలో చూస్తూనే ఉంటాం. ఉప్పూ కారమూ కండలోకి దిగిపోయి ఉంటాయి కాబట్టి, బిడ్డ ముక్కను పులుసు పెట్టక ముందే తీసి విడిగా ఉడికించాలి. ఎండుచేప, పొగబెట్టిన చేప, పచ్చి చేప ఈ వయసుకు వద్దు.

మొదటిసారి బిడ్డ ఆరోగ్యంగా ఉన్న రోజున, ఉదయం పూట, ఇంట్లోనే, చెంచా కొనతో రుచి చూపించాలి. ఆ రోజు మరే కొత్త పదార్థమూ పెట్టకూడదు. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, దగ్గు వంటివి సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు కనిపిస్తాయి. ఊపిరి కష్టమైనా, బిడ్డ వాలిపోయినా వెంటనే అత్యవసర సహాయానికి 911కు ఫోన్ చేయాలి. ఒకటి నుంచి నాలుగు గంటల తరువాత మొదలై ఆగకుండా వచ్చే వాంతులు మరో రకం ప్రతిచర్య కావచ్చు, వాటినీ తేలికగా తీసుకోకూడదు. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న బిడ్డకు, గుడ్డుకో వేరుశనగకో ఇదివరకే ఎలర్జీ కనిపించిన బిడ్డకు, ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. చేప పడినంత మాత్రాన రొయ్య పడుతుందని అనుకోకూడదు. దాని ఎలర్జీ వేరు, దానిని మరో రోజు విడిగా చూడాలి.

ఇక చేపల్లో ఉండే పాదరసం అనే విషపు లోహం సంగతి. పెద్ద చేపలు చిన్న చేపలను తిని బతుకుతాయి గనుక వాటి కండలో అది పేరుకుపోతుంది. అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ, పర్యావరణ సంస్థ ఈపీఏ కలిసి ఇచ్చిన పట్టికలో సొర, స్వోర్డ్‌ఫిష్, కింగ్ మాకెరెల్, బిగ్‌ఐ ట్యూనా పిల్లలకు పూర్తిగా వద్దన్న వరుసలో ఉన్నాయి. సామన్, సార్డీన్, కాడ్, తిలాపియా, ఆంకోవీ మేలైన వరుసలో ఉన్నాయి. ఏడాది వయసు బిడ్డకు ఒక పూటకు ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల చొప్పున, మేలైన వరుసలోని చేపను వారానికి రెండుసార్లు పెట్టవచ్చునని ఆ పట్టిక చెబుతుంది. ఇండియన్ దుకాణాల్లో కింగ్‌ఫిష్ అని అమ్మే మన వంజరం ఆ కింగ్ మాకెరెల్ కాకపోయినా దాని దగ్గరి బంధువు, పెద్దగా పెరిగే వేటచేప. బిడ్డకు దానిని పెట్టకపోవడమే మంచిది.

అయితే ఆ పట్టికలో వంజరం, చందువ, కొరమీను, నెత్తళ్ళు అన్న పేర్లు వెతికితే దొరకవు. ఇక్కడి మన తెలుగు సంఘంలో పిల్లల వైద్యులకు కొరత లేదు. వచ్చే ఆరోగ్య శిబిరానికి వారు మన దుకాణాల్లో దొరికే చేపల పేర్లతో తెలుగులో ఒక పట్టిక తయారు చేసి, ఏది బిడ్డకు పెట్టవచ్చో, ఏది వద్దో, దేనిలో ముళ్ళు ఎక్కువో రాసి అందరికీ పంచాలని కోరుతున్నాను. దాని ప్రతి ఒకటి, వీసా గడువు ముగిసి తిరిగి వెళ్ళే అమ్మమ్మల చేతికి కూడా ఇవ్వాలి. వేసవి సెలవులకు ఇండియా వెళ్ళిన బిడ్డకు అక్కడ ముద్ద కలిపి పెట్టేది వారే.