స్టోరేజ్ రిక్వెస్ట్ ఫారం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టోరేజ్ రిక్వెస్ట్ ఫారం గారి దివ్యసముఖమునకు, తమ పాత సేవకుడు, స్టోరేజ్ అడ్మిన్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీరు రిటైరయ్యారని, ఇకపై అంతా ఆటోమేషనేనని మొన్నామధ్య మీటింగులో ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టనూ? మీ హయాంలో 200 జీబీ కావాలంటే 30 గళ్ళు నింపాలి. అందులో ఒకటి డబ్ల్యూడబ్ల్యూఎన్, అంటే స్టోరేజ్ నెట్‌వర్కులో సర్వర్ చిరునామా, 16 హెక్సా అంకెలు (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్). సర్వర్ వాళ్ళు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపేవారు, నేను కళ్ళు చికిలించుకుని టైపు చేసేవాణ్ణి. 8 ని బీ అనుకున్న రోజు జోన్ (ఏ సర్వర్ ఏ స్టోరేజ్‌ని చూడొచ్చో స్విచ్‌లో రాసే నియమం) శుభ్రంగా కుదిరినట్టే ఉండేది, సర్వర్‌కి మాత్రం డిస్కు కనిపించేది కాదు.

నిజానికి అసలు పనెంత? వాల్యూమ్ (సర్వర్‌కిచ్చే డిస్కు ముక్క) చేయడం, స్విచ్‌లో జోనింగ్, ఎరేలో (డిస్కుల పెట్టెలో) మాస్కింగ్, అంటే ఆ వాల్యూమ్ ఆ సర్వర్‌కే కనిపించేలా చేయడం, సర్వర్‌లో రీస్కాన్. చెయ్యి తిరిగినవాడికి అరగంట. మిగతా 12 రోజులూ తమరు సంతకాల తీర్థయాత్రలో ఉండేవారు.

మళ్ళీ మీ గడప తొక్కాల్సి వస్తుందేమోనన్న భయంతో 200 జీబీ చాలినవాడు కూడా 2 టీబీ అడిగేవాడు. మేమూ తక్కువ తినలేదు. థిన్ ప్రొవిజనింగ్ పెట్టి, 2 టీబీ ఇచ్చినట్టు చూపించి, రాసినంత మేరకే డిస్కు ఖర్చుపెట్టేవాళ్ళం. అడిగేవాడి అబద్ధం, ఇచ్చేవాడి అబద్ధం చెల్లుకు చెల్లు. ఏదో ఒక నెలలో అందరూ నిజంగానే వాడడం మొదలెడితే మాత్రం అందరికీ ఉమ్మడిగా ఉన్న డిస్కుల పూల్ నిండిపోయి, సగం ఖాళీ అని చూపిస్తున్న డిస్కుల్లోనూ రాతలు ఆగిపోయేవి.

ఇప్పుడా బాధ లేదు. కుబెర్నెటిస్‌లో (సర్వర్ల గుంపు, అంటే క్లస్టర్ మీద అప్లికేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్) పీవీసీ (ఇంత డిస్కు కావాలన్న క్లెయిమ్) అని నాలుగు లైన్లు రాస్తే, స్టోరేజ్ క్లాస్ (ఏ రకం స్టోరేజో చెప్పే పేరు) చూసుకుని సీఎస్ఐ డ్రైవరే (స్టోరేజ్‌తో మాట్లాడే ప్లగిన్) వాల్యూమ్ పుట్టించి తగిలిస్తుంది. ఈ డైనమిక్ ప్రొవిజనింగ్ 2017లో 1.6 వెర్షన్‌తోనే స్థిరపడింది. మన దగ్గరికి రావడానికి ఇన్నేళ్ళు పట్టిందేమంటారా? దానికి అనుమతి కోసం నింపింది తమర్నే కదా.

ఒక్క విషయంలో మాత్రం మీరు గుర్తొస్తున్నారు. మీ కాలంలో డిస్కు తీసేయాలన్నా ముగ్గురు సంతకం పెట్టాలి. ఇప్పుడు డైనమిక్‌గా పుట్టిన వాల్యూమ్‌కి, ఎవరూ మార్చకపోతే, రీక్లెయిమ్ పాలసీ ‘డిలీట్’. క్లెయిమ్ చెరిపితే దాని వెనకే డేటా కూడా పరలోకం చేరుతుంది. మా కుర్రాడొకడు టెస్ట్ క్లస్టర్ అనుకుని ఆ ముచ్చటా తీర్చాడు. మిమ్మల్ని నింపి ఉంటే ఆ 12 రోజుల్లో ఎవరో ఒకరు ‘ఏ క్లస్టర్ బాబూ’ అని అడిగేవారు. బహుశా.

2 టీబీ అలవాటు కూడా పోలేదు. పెంచమంటే పెరుగుతుంది గానీ, పీవీసీని తగ్గించడం కుదరదు. అందుకే ముందే ఎక్కువ అడుగుతున్నామని కొందరు వాదిస్తున్నారు. పెరిగేదాన్ని ముందే ఎందుకు అడగాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మొన్న కొత్త పోర్టల్ తెరిచాను. 30 గళ్ళూ ఉన్నాయి, కాకపోతే డ్రాప్‌డౌన్లు. ‘కారణం’ అన్న గడి పక్కన ఎర్ర చుక్క. మీ దగ్గర రాసినట్టే ‘టెస్టింగ్’ అని రాశాను. వాల్యూమ్ తయారీకి పట్టేది 40 సెకన్లేనట. ‘ఆమోదం కోసం వేచి ఉంది’ అని చూపిస్తోంది. ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

ఇట్లు,
తమ విధేయుడు