క్రూజ్ ఎంట్రన్స్‌లో మీ ర్యాంకెంత?

కరోనా వచ్చి క్రూజ్ ప్రయాణాల సరదా అంతా చెడగొట్టిందని వాపోయేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. 2020కి ముందు క్రూజ్ ఎక్కాలంటే ఏం కావాలి? డబ్బుండాలి, పాస్‌పోర్టుండాలి, అంతే. డబ్బు పడేస్తే ఎవరినైనా ఎక్కించుకునే ఓడ ఎక్కి ఏం గొప్ప? ఏదైనా విలువైనదని తెలుగువాళ్లకు నమ్మకం కుదరాలంటే దానికో ఎంట్రన్స్ ఉండాలి. పదిమంది రాస్తే తొమ్మిదిమంది పోవాలి, ఆ తొమ్మిదిమందిలో మన పక్కింటివాళ్లుండాలి. కరోనా పుణ్యమా అని 2021లో క్రూజ్‌కి ఆ లోటు తీరింది. అర్హతలు, దరఖాస్తు, సర్టిఫికెట్ల వెరిఫికేషన్, పరీక్ష, ఫలితం, ఆఖర్న గేటు దగ్గర మళ్లీ ఒకసారి తనిఖీ. నిమిషం ఆలస్యమైనా అనుమతించబోమన్న నిబంధన ఒక్కటే తక్కువ. టెర్మినల్‌కి ఫలానా టైంలోనే రావాలని స్లాట్లు పెట్టి ఆ ముచ్చటా తీర్చారు.

నోటిఫికేషన్ మాత్రం అంత తేలిగ్గా వెలువడలేదు. 2020 మార్చి 14న అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ క్రూజ్ ఓడలు కదలొద్దని ఉత్తర్వు ఇచ్చి, దాన్ని పొడిగిస్తూ అక్టోబరు ఆఖరు దాకా లాగింది. ఈలోపు టికెట్లు కొన్నవాళ్ల సంగతేమిటంటే కొన్ని కంపెనీలు ఒక దారి చూపించాయి. డబ్బే కావాలంటే మీ నూరూ మీకిచ్చేస్తాం, అలా కాదు, మళ్లీ మా ఓడే ఎక్కుతామంటారా, నూటికి నూట పాతిక రాసుకుంటాం అన్నాయి. కదలని ఓడ మీద పాతిక శాతం లాభమన్నమాట. సంతోషంగా రాయించుకున్నవాళ్లున్నారు.

ఆ తర్వాత షరతులతో అనుమతినిచ్చే ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం ప్రయాణికులకన్నా ముందు ఓడే పరీక్ష పాసవ్వాలి. వాలంటీర్లను ఎక్కించుకుని ఉత్తుత్తి ప్రయాణం చేసి చూపించాలి. భోజనాలు వడ్డించాలి, ఆటపాటలు జరపాలి, ఒకరికి కరోనా వచ్చినట్టు నటింపజేసి ఐసొలేషన్ గదికి ఎలా తరలిస్తారో కూడా చేసి చూపించాలి. ఎంతైనా మాక్ టెస్ట్ రాయకుండా అసలు పరీక్షకి వెళ్లడం మన ఇళ్లల్లో కూడా లేదు. ఇంకా ముచ్చటేమిటంటే, మీరు పాల్గొంటున్నది ఇంకా రుజువు కాని ఆరోగ్య నిబంధనల ప్రయోగంలో సుమా అని వాలంటీర్లకు రాతపూర్వకంగా చెప్పాలని ఉత్తర్వులోనే ఉంది. ఇలా చెప్పాక ఎవరొస్తారు అనుకున్నారా? రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ పిలిస్తే లక్ష మందికి పైగా పేర్లిచ్చారు. అదీ టీకా ఇంకా జనం చేతికి రాకముందు. వైద్య ప్రయోగాలకు మనుషులు దొరకడం లేదని శాస్త్రవేత్తలు ఊరికే బెంగపడతారు గానీ, సూది వేసే గది పక్కన ఒక ఈతకొలను, అడిగినంత ఐస్‌క్రీం పెడితే సరిపోతుంది.

మాక్ టెస్ట్ వద్దనుకునే ఓడలకు మినహాయింపు ఉంది. సిబ్బందిలో 98 శాతం, ప్రయాణికుల్లో 95 శాతం టీకా వేసుకున్నవాళ్లైతే చాలు. బాగానే ఉంది కదా అనుకునేలోపు ఫ్లోరిడా రంగంలోకి దిగింది. క్రూజ్‌లకు పెట్టింది పేరైన మయామీ ఉన్నది ఆ రాష్ట్రంలోనే. టీకా వేసుకున్నట్టు కాగితం చూపించమని అడిగే వ్యాపారులకు, అడిగిన ప్రతిసారికీ 5,000 డాలర్ల దాకా జరిమానా అని ఆ రాష్ట్రం చట్టం చేసి కూర్చుంది. అడక్కపోతే సీడీసీ ఊరుకోదు, అడిగితే ఫ్లోరిడా ఊరుకోదు. సీడీసీ మీద ఫ్లోరిడా కోర్టుకెళ్లి 2021 జూన్‌లో గెలిచింది. ఫ్లోరిడా మీద నార్వేజియన్ క్రూజ్ కంపెనీ కోర్టుకెళ్లి ఆగస్టులో గెలిచింది. ఓడినవాళ్లే కనబడని న్యాయపోరాటం ఇది.

కొన్ని ఓడలవాళ్లు కోర్టుల జోలికి పోకుండా మధ్యేమార్గం కనిపెట్టారు. మేము టీకా కాగితం అడగనే అడగం. చూపించాలని మీకే అనిపిస్తే చూపించండి. చూపించలేదనుకోండి, వేసుకోనివాళ్ల కింద లెక్క. మీ టెస్టుల ఖర్చు మీది, మీ బీమా మీది, ఓడలో కొన్ని చోట్లకు మీరు రాకూడదు. ఈ భాష మనకు కొత్త కాదు. పెళ్లిచూపుల్లో సోఫాలో వెనక్కి వాలి, "మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అనే మగపెళ్లివారిది అచ్చం ఇదే భాష. కట్నం అడిగారని వాళ్లమీద ఏ కోర్టూ కేసు నిలబెట్టలేదు.

ఇక మనవాళ్ల సంగతికొద్దాం. 2021 నవంబరు 8న, టీకా వేసుకున్న విదేశీయులకు అమెరికా తలుపు తీసింది. డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్న తెలుగు పిల్లలు అమ్మానాన్నలకు టికెట్లు పంపారు. నయాగరా, డిస్నీ కిందటిసారే అయిపోయాయి. గాల్వెస్టన్ రేవు హ్యూస్టన్‌కి ఓ గంట దూరం. అక్కడ ఓడ ఎక్కి మెక్సికో వైపు వెళ్లొస్తే స్వదేశంలో చెప్పుకోవడానికి ఉంటుంది.

అయితే అర్హత? అలా వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన వేసుకున్నది కోవాగ్జిన్. మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైందని, మనదేనన్న అభిమానం కొద్దీ వేయించుకున్నాడు. దానికి డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదం వచ్చింది నవంబరు 3న. అప్పటిదాకా అమెరికా లెక్కలో ఆయన ఏ టీకా వేసుకోనట్టే. 2వ తేదీ రాత్రి అనర్హుడిగా పడుకుని మర్నాడు అర్హుడిగా లేచాడు. ఒంట్లో ఉన్న మందు మాత్రం అదే. ప్రాథమిక కీలో పోయిన మార్కులు ఫైనల్ కీలో కలిశాయి, అంతే.

తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్. కోవిన్ సర్టిఫికెట్ మీద మొదట్లో వయసే గానీ పూర్తి పుట్టినతేదీ ఉండేది కాదు. బ్రిటన్ పేచీ పెట్టాక 2021 సెప్టెంబరు ఆఖర్లో ఆ ఏర్పాటు చేశారు. కానీ తెలుగువాళ్లకు అసలు గండం పేరుతో. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆపై చుక్క. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా. టికెట్‌లో ఇంటిపేరు చివరికి పోయి, వెంకటేశ్వరరావు కాస్తా వెంకట ఒకచోట, ఈశ్వరరావు ఇంకోచోట. ఒకే మనిషి మూడు కాగితాల్లో ముగ్గురు. ముగ్గురూ టీకా వేసుకున్నారా అని ఓడవాళ్లు అడగడంలో న్యాయం ఉంది. పెద్దాయన వీటన్నిటినీ బయల్దేరే ముందు జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి తెచ్చాడు. వెలుతురు పడి మెరుస్తుంటే క్యూఆర్ కోడ్ స్కాన్ కాలేదు.

పరీక్ష రోజు చూడాల్సింది. టెస్ట్ కిట్ పోస్టులో వస్తుంది. వీడియోలో ఇన్విజిలేటర్ తెరవమనేదాకా ప్యాకెట్ తెరవకూడదు, తెరిస్తే చెల్లదు. మన పెద్దాయన రిటైరైన స్కూలు మాస్టారు, సర్వీసంతా టెన్త్ హాళ్లలో చీటీలు పట్టినవాడు. ఆయనే కత్తెర తీసుకోబోతే అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ తెరమీద ఎక్కడో కూర్చున్న అమ్మాయి ఒక్కో ముక్కులో ఐదేసిసార్లు తిప్పమంది. మాస్టారు మూడుసార్లు తిప్పి తీశాడు. ఆ అమ్మాయి చిరునవ్వు చెదరకుండా మళ్లీ మొదటినుంచి తిప్పించింది. తర్వాత పదిహేను నిమిషాలు కార్డు కెమెరా ముందునుంచి కదలకూడదు.

"మామయ్యగారూ, మీరూ అక్కడే కూర్చోండి, లేవకండి."

"బాత్రూంకి కూడా పంపరా?"

"పదిహేను నిమిషాలే కదండీ."

"మేం పంపేవాళ్లమయ్యా. వెనకాల అటెండర్నిచ్చి పంపేవాళ్లం."

దీని తర్వాత ఆరోగ్య ప్రశ్నావళి. దగ్గు, జలుబు, ఆయాసం, ఒళ్లు నొప్పులు ఏమైనా ఉన్నాయా అని ఫోన్‌లో అడుగుతుంది. మాస్టారి భార్య నిజం చెప్పే మనిషి. పొద్దున్నే తుమ్ములొస్తాయని, మెట్లెక్కితే ఆయాసమని, నొప్పుల సంగతి అడగొద్దని వరసగా చెప్పుకొచ్చింది. కూతురు ఫోన్ లాక్కుంది. "అమ్మా, అన్నిటికీ లేదనే కొట్టాలి!" "అయితే అడగడం ఎందుకే?" అందావిడ. ఈ ప్రశ్నకు సీడీసీ దగ్గర కూడా జవాబుంటుందని నేననుకోను.

ఫలితం వచ్చింది. ఇద్దరికీ నెగెటివ్. జీవితంలో నెగెటివ్ వచ్చినందుకు మాస్టారింట్లో స్వీట్లు పంచడం అదే మొదలు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2021 డిసెంబరు 30న, టీకా వేసుకున్నవాళ్లు కూడా క్రూజ్‌లకు వెళ్లొద్దని సీడీసీ సలహా ఇచ్చింది. ఓడలను మాత్రం ఆపలేదు. పరీక్ష రాయండి, పాసవ్వండి, కాలేజీకి మాత్రం వెళ్లకండి అన్నమాట. మనవాళ్లు వెళ్లారు. అంత కష్టపడి పాసైనవాళ్లు ఎందుకు మానుకుంటారు?

ఓడ లోపలి నిబంధనల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లోపల తిరిగేటప్పుడు మాస్కు వేసుకోవాలి, తినేటప్పుడు, తాగేటప్పుడు తీయవచ్చు. క్రూజ్‌లో మనిషి తినకుండా, తాగకుండా ఉండే సమయమెంత అన్నది ఎక్కినవాళ్లకు తెలుసు. రేవుల్లో దిగడమే కాస్త కష్టం. ఇటలీలో 2020 ఆగస్టులోనే ఎమ్మెస్సీ గ్రాండియోజా అనే ఓడ మళ్లీ బయల్దేరింది. ఊరు చూడాలంటే కంపెనీ ఏర్పాటు చేసిన టూర్‌లోనే చూడాలి, గుంపు వదిలి వెళ్లకూడదని షరతు. నేపుల్స్‌లో ఒక కుటుంబం గుంపు వదిలింది. తిరిగొస్తే ఎక్కనివ్వలేదు. మాల్‌ప్రాక్టీస్ బుక్ చేసి హాల్లోంచి పంపేశారు. ఆ షరతు వెనక శాస్త్రం ఉందని ఒప్పుకుంటాను. టూర్ టికెట్ ధర కూడా ఉంది.

ఈ చిక్కులన్నిటికీ పరిష్కారం సింగపూర్ కనిపెట్టింది. అసలు రేవే లేకపోతే? 2020 నవంబరు నుంచి అక్కడ ఎక్కడికీ వెళ్లని క్రూజ్‌లు మొదలయ్యాయి. సింగపూర్‌లో ఉండేవాళ్లకే సీటు, ఓడలో సగం మందే, ఎక్కేముందు టెస్టు. సముద్రంలో రెండు మూడు రోజులు తిరిగి ఎక్కినచోటే దింపుతారు. జనం ఎగబడ్డారు. ఎందుకు ఎగబడరు? ఎక్కడమే అంత ఘనకార్యమైనప్పుడు మధ్యలో ఊళ్లెందుకు, అడ్డం కాకపోతే? డిసెంబరులో క్వాంటమ్ ఆఫ్ ద సీస్ అనే ఓడలో 83 ఏళ్ల పెద్దాయనకు పాజిటివ్ వచ్చింది. అందరినీ గదుల్లో ఉండమని ఓడను ఒకరోజు ముందే వెనక్కి తిప్పారు. తీరా మళ్లీ మళ్లీ టెస్టు చేస్తే ఆయనకు ఏమీ లేదు. రీవాల్యుయేషన్‌లో పాసయ్యాడు గానీ అప్పటికి సీటు పోయింది. ఎక్కడికీ వెళ్లని ఓడ అక్కడికి కూడా చేరకుండానే తిరిగొచ్చిన ఘనత బహుశా దానిదే.

ఇన్ని నిబంధనలు ఊరికే రాలేదని నాకూ తెలుసు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లో యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే క్రూజ్ ఓడ నిలిచిపోయినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు. 712 మందికి వ్యాధి సోకింది, కొందరు చనిపోయారు. ప్రయాణికులను గదుల్లోంచి బయటికి రావద్దన్నారు. మరి గది గదికీ భోజనం ట్రేలు ఎవరు మోశారు? సిబ్బంది. ఆ ఓడలో 138 మంది భారతీయులుంటే వాళ్లలో 132 మంది సిబ్బందే. తర్వాత ఏప్రిల్ నాటికి అమెరికా తీరాల చుట్టూ దాదాపు 100 ఓడల్లో 80,000 మంది దాకా సిబ్బంది ఉండిపోయారని సీడీసీయే లెక్క చెప్పింది. ప్రయాణికులు ఎప్పుడో ఇళ్లకు చేరారు. ఎక్కడానికి ఎంట్రన్స్ రాయనివాళ్లకు దిగడానికి రాయాల్సొచ్చింది, ఆ ఫలితాలు మాత్రం ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేదు. ఏ ప్రశ్నావళిలోనూ వాళ్ల గురించి ఒక్క ప్రశ్న లేదు.

మన దేశంలో ఓడలు మొదలయ్యాక కథ మరీ వేరుగా ఏం జరగలేదు. 2022 జనవరి మొదటి వారంలో ముంబై నుంచి గోవా వచ్చిన కార్డేలియా ఓడలో టెస్టులు చేస్తే మొదటి విడతలోనే 66 మందికి పాజిటివ్. అందరూ పాసై ఎక్కినవాళ్లే. అదే ఏడాది జూన్‌లో ఆ ఓడ విశాఖ వచ్చింది. ఆర్కే బీచ్‌లో నిలబడి చూసిన మనవాళ్ల ఆనందం ఇంతా అంతా కాదు. తర్వాతి మజిలీ పుదుచ్చేరి. కరోనా తగ్గింది కదా, ఇంక ఆపేదెవరు అనుకున్నారు. ఓడలో కేసినో ఉందని పుదుచ్చేరి దిగనివ్వలేదు. అప్పుడక్కడ లెఫ్టినెంట్ గవర్నర్‌గా అదనపు బాధ్యత చూస్తున్నది మన తెలంగాణ గవర్నరే. వైరస్‌తో పనిలేకుండానే ఓడను ఆపగలమని నిరూపించడం చిన్న విషయం కాదు.

2022 జూలైలో సీడీసీ క్రూజ్ ఓడల కోవిడ్ కార్యక్రమాన్ని మూసేసింది. ఇప్పుడు ఎవరూ ఏమీ అడగడం లేదు. మళ్లీ డబ్బున్న ప్రతివాళ్లూ ఎక్కేస్తున్నారు. దాదాపు 96 కోట్లతో కట్టిన విశాఖ క్రూజ్ టెర్మినల్‌ని 2023లో ప్రారంభించారు గానీ, ఓడలు ఆశించినంతగా రావడం లేదని గొణుగుడు వినిపిస్తోంది. ఓడలెందుకు వస్తాయి, ఎంట్రన్సే లేకపోతే? పర్యాటక శాఖకు నా మనవి ఒక్కటే. వెంటనే నోటిఫికేషన్ వేయండి. ఓడ వచ్చినా రాకపోయినా ఫర్వాలేదు, దరఖాస్తు ఫీజు తిరిగివ్వబడదని ముందే రాయండి. మాక్ టెస్టులు పెట్టే పని విజయవాడ వాళ్లు చూసుకుంటారు. సూట్ రూము తీసుకునేవాళ్లకు మేనేజ్‌మెంట్ కోటా ఎలాగూ ఉంటుంది.