రంగం వలస: పని మేస్త్రిది, చాప కూడా మేస్త్రిదే

ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు బర్మాలోని రంగూన్‌ను రంగం అనేవారు. "రంగం వెళ్ళాడు" అన్న మాటలో డబ్బు ఆశ ఎంత ఉందో, మనిషి తిరిగొస్తాడో రాడో అన్న బెంగ కూడా అంతే ఉండేది. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్ల డెక్కు మీద కూర్చుని మనవాళ్ళు సముద్రం దాటారు. పాత కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలందరినీ 'కోరంగీలు' అని పిలిచారు.

అప్పట్లో బర్మా పరాయి దేశం కాదు. 1937 ఏప్రిల్ 1న విడదీసేదాకా అది బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. అందువల్ల ఫిజీకో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కో వెళ్ళే గిర్మిట్ (ఒప్పంద) కూలీకి ఉన్నట్టు ఐదేళ్ళ ఒప్పందం రంగం వెళ్ళేవాడికి లేదు. 1876లో ఒక చట్టం చేసి ప్రభుత్వమే తీరం నుంచి కూలీలను తెప్పించాలని చూసింది కానీ, ఆ ప్రయత్నం ఎక్కువ కాలం నిలవలేదు. ఇక ఆ పనంతా మేస్త్రి, అంటే కూలీలను కూడగట్టి తెచ్చేవాడి చేతికి వెళ్ళిపోయింది. బర్మా వలస గురించి చెప్పేటప్పుడు దీన్ని స్వేచ్ఛా వలస అంటుంటారు. నాకు ఆ మాటతోనే పేచీ.

మేస్త్రి ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. టికెట్టు డబ్బు, ఇంట్లో వదిలి వెళ్ళే నాలుగు రూపాయలు అందులోనే. కాగితం మీద వేలిముద్ర పడేది. రంగూన్‌లో దిగిన రోజే ఆ బాకీ లెక్క మొదలు. రైస్ మిల్లుకో రేవుకో మనుషుల్ని అప్పగించేది అతనే. కంపెనీ కూలి డబ్బు కాంట్రాక్టరుకు ఇచ్చేది. అక్కణ్ణుంచి హెడ్ మేస్త్రికి, అతని నుంచి ముఠా మేస్త్రికి దిగేది. ప్రతి మెట్టు దగ్గరా కొంత కోత పడి, మిగిలింది బస్తా మోసినవాడి చేతికి, అదీ ఆలస్యంగా వచ్చేది. బస్తా మోసినవాడి పేరు కంపెనీ పుస్తకంలో ఉండేది కాదు. 1929లో వేసిన విట్లీ కమిషన్ భారత కార్మికుల స్థితిగతులపై విచారణ జరుపుతూ బర్మాకూ వెళ్ళింది. ఈ మేస్త్రి పద్ధతి గురించి, కూలీల ఇళ్ళ గురించి 1931 నాటి దాని నివేదిక వివరంగా రాసింది.

ఈ కథలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇళ్ళ సంగతి. 1852లో రంగూన్ ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చాక ఫ్రేజర్, మాంట్‌గోమరీ అనే ఇద్దరు అధికారులు గళ్ళు గీసినట్టు కొత్త నగరానికి ప్లాన్ వేశారు. రోడ్ల వెడల్పు, ప్లాట్ల కొలతలు, వాటి ధరలు అన్నీ ఆలోచించారు. ఆ ఊరిని మోయడానికి వచ్చే కూలీ రాత్రి ఎక్కడ నడుం వాలుస్తాడన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. కూలీలు లాడ్జింగ్ హౌసుల్లో, పొడుగ్గా ఇరుగ్గా ఉండే బ్యారక్ గదుల్లో ఉండేవారు. గదికి ఇంతమంది అని మునిసిపాలిటీ లైసెన్సు ఇచ్చేది. రాత్రి అంతకు ఎన్నో రెట్ల మంది పడుకునేవారు. ఒక షిఫ్టు వాళ్ళు లేచి పనికి వెళితే ఇంకో షిఫ్టు వాళ్ళు అదే చాప మీద పడుకునేవారు. ఆ గదులు చాలా వరకు మేస్త్రి చేతిలోవే, అద్దె కూడా కూలిలోంచే. మేస్త్రితో గొడవ పడితే పని, పడక ఒకే రోజు పోతాయి. బాకీ ఒక్కటే మిగులుతుంది. పేరుకి స్వేచ్ఛా కూలీ అయినవాణ్ణి కట్టిపడేసింది ఆ చాపే.

అలాంటి గదిలోకి భార్యాబిడ్డల్ని ఎవరు తీసుకెళ్తారు? కాబట్టి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళే. రెండుమూడేళ్ళు ఉండి బాకీ తీర్చి వెనక్కి వచ్చేవారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉన్నారు. తెలుగువాళ్ళే లక్షన్నర దాటారు. 4 లక్షల రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులు. ఇంతమంది ఉన్నా, స్థిరపడినవాళ్ళు తక్కువ. అదే బర్మాలో టౌంగూ జిల్లా జియావడిలో బిహార్ రైతులకు సాగుభూమి దొరికింది. వాళ్ళు కుటుంబాలతో వచ్చి ఊళ్ళు కట్టుకున్నారు. వాళ్ళ వారసులు ఈనాటికీ అక్కడ భోజ్‌పురి మాట్లాడుతున్నారు. తెలుగువాళ్ళకు స్థిరపడే గుణం లేదనే మాటను ఆ ఊళ్ళతో పోల్చి చూడాలి.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని దింపాయి. సమ్మె తెగాక పాతవాళ్ళను పిలిచి, కొత్తవాళ్ళను పొమ్మన్నాయి. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో చాలామంది మన కూలీలే. దీన్ని జాతుల గొడవ అని రాసేస్తే లెక్క సరిపోదు. ఇద్దరు పేదవాళ్ళను ఒకే పని కోసం ఎదురెదురుగా నిలబెట్టింది కంపెనీలు. ముఠాలన్నీ కొన్ని బ్యారకుల్లోనే కుక్కి ఉండటంతో, దాడికి వచ్చినవాళ్ళకు కూలీల్ని వెతుక్కునే పని కూడా లేకపోయింది.

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షల మంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. దారిలోనే వేలమంది పోయారు. 1960ల్లో బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వ కాలంలో మరో విడత తిరుగుముఖం పట్టింది. విశాఖలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు పేరు ఆ రాకలను గుర్తుచేస్తుంది.

ఇదంతా తవ్వడానికి కారణం ఉంది. వలస కార్మికుల కోసం మన దేశం 1979లో చట్టం చేసింది. అందులో కార్మికులకు వసతి చూపించే బాధ్యత కాంట్రాక్టరు మీదే పెట్టింది. ఉద్దేశం మంచిదే. అయినా చాప మళ్ళీ మేస్త్రి చేతికే వెళ్ళింది. ఈరోజు తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశా బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. పండగ రోజుల్లోనే సర్దార్ (కూలీలను తెచ్చే ఏజెంటు) దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. బట్టీ పక్కనే గుడిసె వేసుకుంటారు. మధ్యలో వెళ్ళిపోదామంటే అడ్వాన్సు అడ్డం, పైగా ఆ గుడిసె తప్ప తలదాచుకునే చోటు ఉండదు. ప్రభుత్వమో మునిసిపాలిటీయో పని ఇచ్చేవాడితో సంబంధం లేని హాస్టళ్ళు, అద్దె ఇళ్ళు కట్టి ఇవ్వాలని నేను అడుగుతున్నాను. కూలి నేరుగా పని చేసిన మనిషి ఖాతాలో పడాలి. ఈ రెండూ జరిగితే బట్టీలో కొట్టినా, డబ్బు ఎగ్గొట్టినా ఆ కుటుంబం రాత్రికి రాత్రే బయటకు నడిచి రాగలుగుతుంది.