షార్ట్‌కట్ వైరస్ గారికి ఒక డీటీపీ ఆపరేటర్ రాయునది

మహారాజశ్రీ షార్ట్‌కట్ వైరస్ గారి దివ్యసముఖమునకు,

కాలేజీ రోడ్డులో జెరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుకునే నేను నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా సిస్టమ్‌కు రెండేసి యాంటీవైరస్‌లతో క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. షట్టర్ ఎత్తి ఊదొత్తి వెలిగించేలోపే ఎవరో ఒకరి పెన్‌డ్రైవ్‌లో దర్శనమిస్తున్నారు.

ముందు తమ మర్యాదను మెచ్చుకోవాలి. మిగతా వైరస్‌ల్లా ఫైళ్లు తినరు, తాళం వేసి డబ్బులడగరు. ఉన్న ఫోల్డర్‌కు హిడెన్, సిస్టమ్ అని రెండు ముద్రలు కొట్టి కంటికి ఆనకుండా పక్కన కూర్చోబెడతారు. అదే పేరు, అదే పసుపు బొమ్మ పెట్టుకుని గుమ్మంలో తమరు నిలబడతారు. ‘చెల్లి పెళ్లి ఫొటోలు’ మీద డబుల్ క్లిక్ చేస్తే ముందు తమ పని కానిచ్చుకుని, ఆ వెంటనే అసలు ఫోల్డర్ తెరిచి చూపిస్తారు. ఫొటోలు కనపడ్డాయి, ఇంకేం కావాలి? లంచం పుచ్చుకున్నా ఫైలు కదిలించే గుమాస్తా మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు?

పోనీ జాగ్రత్తగా దాక్కుంటారా అంటే అదీ లేదు. బొమ్మకు ఎడమవైపు కింద మూలన చిన్న బాణం గుర్తు. సైజు చూస్తే ఒకటో రెండో కేబీ. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడి చూస్తే అందులో చాంతాడంత వాక్యం: సీఎండీ అట, స్టార్ట్ అట, నోరు తిరగని పేరున్న వీబీఎస్ ఫైలట (తమ అసలు ప్రాణం అందులోనే), ఆపైన ఎక్స్‌ప్లోరర్, చెల్లి పెళ్లి ఫొటోలు, ఎగ్జిట్. తమ జాతకం మొత్తం ఆ ఒక్క గడిలో రాసిపెట్టుకుని ఊరంతా తిరుగుతున్నారు. అయినా ఆ గడి తెరిచేదెవరు గనక!

తమ వంశమూ తక్కువది కాదు. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన ‘బ్రెయిన్’ ఫ్లాపీల మీద ఊరేగింది. ఆ మహానుభావులు వైరస్‌లోనే తమ పేర్లు, షాపు అడ్రసు, ఫోన్ నంబర్లు రాసిపెట్టారు. ఇప్పటి కస్టమర్ కేర్ వాళ్లకు కూడా అంత ధైర్యం లేదు. తర్వాత ఆర్కుట్ అనే సోషల్ సైటు రోజుల్లో తమ బంధువొకాయన మా నెట్ సెంటర్లలో తిరిగేవాడు. ఆర్కుట్ తెరవగానే ‘ఆర్కుట్ నిషేధం, మూర్ఖుడా’ అని ఒక పెట్టె వచ్చి వికటాట్టహాసం చేసేది, బ్రౌజర్ మూతపడేది. పిల్లలు చదువుకోవాలని ఆశపడ్డ వైరస్ నాకు తెలిసి అదొక్కటే.

అప్పట్లో పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, అందులోని ప్రోగ్రామును నడిపే ఆటోరన్ తనంతట తానే లేచేది. 2008 చివర్లో బయటపడ్డ తమ మరో బంధువు కాన్‌ఫికర్ వాడుకున్న దారుల్లో అదీ ఒకటి. మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో ఆ తలుపు మూసింది. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీకి, విస్టాకు కూడా అప్‌డేట్ పంపింది. అప్పుడు తమకు తట్టిన ఆలోచనకు దండం పెట్టాలి. మిషన్ దానంతటది నొక్కకపోతే ఏం, మనిషి చేత నొక్కిద్దాం! మనిషిని ఆపే అప్‌డేట్ ఇంతవరకూ రాలేదు. ఇరాన్‌లోని నటాంజ్ అణుకేంద్రంలో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజు యంత్రాల జోలికి వెళ్లిన స్టక్స్‌నెట్ అయితే షార్ట్‌కట్ ఫైళ్ల విషయంలో తమకన్నా ఆరాకులు ఎక్కువే చదివింది. దానికి క్లిక్ కూడా అక్కర్లేదు, ఐకాన్ తెర మీద కనపడితే చాలు. 2010 ఆగస్టులో ఆ కన్నం పూడ్చారు. సరిగ్గా పూడలేదని తేలి 2015 మార్చిలో మళ్లీ పూడ్చారు. ప్యాచ్‌వర్క్ గురించి మా కాలేజీ రోడ్డు జనానికి వేరే చెప్పాలా?

లోకం తమరిని మొండి ఘటం అంటుంది. మా కౌంటర్ వెనక నిలబడి చూస్తే ఆ మాట ఎవరికి చెందాలో తెలుస్తుంది. వచ్చినాయన షార్ట్‌కట్‌లన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొడతాడు. రిఫ్రెష్ చేస్తే మళ్లీ ఉంటాయి. ఈసారి షిఫ్ట్ పట్టుకుని కసిగా కొడతాడు. మళ్లీ ఉంటాయి. ఉండక ఏమవుతాయి? తమరు మకాం పెట్టింది సిస్టమ్‌లో. టాస్క్ మేనేజర్ తెరిస్తే ‘మైక్రోసాఫ్ట్ విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్’ అనే పెద్దమనిషి పేరుతో కూర్చుని, క్షణానికోసారి లేచి గుచ్చిన డ్రైవులన్నీ చుట్టబెట్టి వస్తుంటారు.

ముందు ఆ పెద్దమనిషికి, అంటే డబ్ల్యూస్క్రిప్ట్‌కు, ఎండ్ టాస్క్ కొట్టాలి. తర్వాత తమరు కాపీలు దాచుకునే చోట్లన్నీ వెతకాలి: స్టార్టప్ ఫోల్డర్, టెంప్, యాప్‌డేటా, రిజిస్ట్రీలో రన్ కీ. మైక్రోసాఫ్ట్‌కే చెందిన సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఆటోరన్స్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఒకటుంది, సిస్టమ్ ఆన్ అవగానే ఏవేవి లేస్తాయో అన్నీ ఒకే పట్టీలో పరుస్తుంది. అవన్నీ తీసేశాకనే పెన్‌డ్రైవ్ ముట్టుకోవాలి. షార్ట్‌కట్‌లు, ఆ వీబీఎస్ ఫైలు చెరిపి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘అట్రిబ్ మైనస్ హెచ్ మైనస్ ఎస్’ కొడితే దాగిన ఫోల్డర్లు బయటికొస్తాయి. మా వీధిలో అట్రిబ్ నోటికి రానివాడు లేడు. అది ఆఖర్న కొట్టాల్సిందని తెలిసినవాడే లేడు.

ఇంత తీరిక ఎవరికుంది? సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేస్తారు. పాపం ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పనిచేయకుండా బ్లాక్ చేసి ఏళ్లయింది, తమ ముఖం చూసే భాగ్యం ఆయనకు ఎక్కడిది? ‘రీస్టార్ట్ చేసి చూడు’ అంటాడు. రీస్టార్ట్ చేస్తే తమరు ఇంకా హుషారుగా లేస్తారు. అప్పుడు బయటికి తీస్తారు మా ప్రాంతపు సర్వరోగ నివారిణిని: ‘ఫార్మాట్ కొట్టెయ్!’

మొన్నామధ్య బీటెక్ చివరి సంవత్సరం అమ్మాయి ఒకామె ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్ తీయించుకోడానికి వచ్చింది, మర్నాడు వైవా. డ్రైవ్ తెరిస్తే షార్ట్‌కట్‌లు తప్ప ఏమీ లేవు. నొక్కితే ఎర్రర్. వెనక లైన్లో ఉన్న సీనియర్ కుర్రాడు అడగకుండానే తీర్పు చెప్పేశాడు.

“పోయినట్టే లేమ్మా. ఫార్మాట్ కొట్టి కొత్తగా చేసుకో.”

ఆ అమ్మాయి తెర వంక చూసి, “ఖాళీ అయితే ఆ నీలం గీత సగం దాటి ఎందుకుందన్నా?” అంది.

లక్ష రూపాయల ప్రశ్న. ఏమీ లేని డ్రైవ్‌లో సగం జాగా ఎవరు తిన్నట్టు? రిపోర్ట్ అక్కడే ఉంది, ముద్ర పడి కూర్చుని ఉంది. తమరు దాచి ఊరుకున్నదాన్ని ఆ పరోపకారి శాశ్వతంగా చెరిపేయబోయాడు. ఇలా మాయమైన శుభలేఖలు, సర్టిఫికెట్ స్కాన్లు, పిల్లల బారసాల వీడియోలు ఎన్నో. ఆ పాపమంతా తమ ఖాతాలో రాస్తున్నాం, మన్నించాలి. పైగా పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, తమరు తిష్ఠ వేసిన అదే సిస్టమ్‌కు మళ్లీ గుచ్చుతాం.

యాంటీవైరస్ గారి అవస్థ మరీ ఘోరం. అది షార్ట్‌కట్‌లను పట్టుకుని చెరిపేస్తుంది, ఫోల్డర్ల మీద ముద్రలు మాత్రం చాలాసార్లు అలాగే వదిలేస్తుంది. దాంతో డ్రైవ్ బోసిగా కనపడుతుంది. “నిన్నటిదాకా ఫొటోలు బాగానే తెరుచుకున్నాయండీ, మీ యాంటీవైరస్సే తినేసింది” అని కస్టమర్ నా మీద లేస్తాడు. తమరు ఫోల్డర్ తెరిచి చూపించినవారు, అది తినేసింది! దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయించి, తృప్తిగా డబ్బులిచ్చి వెళ్తాడు.

చిన్నవాళ్లమని మమ్మల్ని నవ్వుకోకండి. తమ జాతిలో జెన్‌క్సస్, దాని దోస్తు బ్లాడబిండి ఉన్నాయి కదా, దూరాన ఉన్న యజమాని చెప్పినట్టల్లా మా సిస్టమ్‌లో ఆడేవి. అక్కడే కూర్చుని జనం నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌లు కొడుతుంటారు, అందుకే తమ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ రెండూ యజమానులతో మాట్లాడటానికి ఉచితంగా నెట్ అడ్రసులిచ్చే నో-ఐపీ సంస్థ అడ్రసులు వాడుతున్నాయని, 2014 జూన్ 30న మైక్రోసాఫ్ట్ అమెరికా కోర్టు ఉత్తర్వు పట్టుకుని ఆ సంస్థ డొమైన్లను లాక్కుంది. వైరస్‌ల సంగతి దేవుడెరుగు, ఇంటి కెమెరాలకూ గేమ్ సర్వర్లకూ అవే అడ్రసులు వాడుకుంటున్న లక్షల మంది దారి తెగిందని నో-ఐపీ లబోదిబోమంది. కొద్దిరోజుల్లోనే డొమైన్లు వెనక్కిచ్చి రాజీపడ్డారు. మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్‌లోనూ లైన్లో వెనక ఒక సీనియర్ నిలబడి ఉంటాడన్నమాట.

ఇక తమ రిటైర్మెంట్ కబురు. ఆ వీబీఎస్ ఫైళ్లు రాసే భాష వీబీస్క్రిప్ట్‌ను క్రమంగా సాగనంపుతామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించింది. తమలాంటి పాతకాపులకు అది అన్నం పెట్టే చెయ్యి. బెంగపడకండి, రాస్ప్‌బెర్రీ రాబిన్ అనే కుర్రాడు 2021 నుంచే పెన్‌డ్రైవ్ షార్ట్‌కట్‌తో వచ్చి, వీబీస్క్రిప్ట్ జోలికి పోకుండా విండోస్ ఇన్‌స్టాలర్ చేతే పని చేయించుకుంటున్నాడు. జనం కూడా పెన్‌డ్రైవ్ మానేసి వాట్సాప్‌లో పంపుతున్నారు, అక్కడ పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు (దొంగ యాప్) ఎదురుచూస్తోంది. దాన్ని నొక్కినవాళ్లు నా దగ్గరికొచ్చి ‘ఫోన్ ఫార్మాట్ కొట్టరా’ అంటారు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి అని మొత్తుకుంటున్నాను.

వెళ్లేలోపు తమకు రెండు మనవులు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్ జరిగే రోజుల్లో సెలవు పెట్టండి. ఆ వారం పిల్లలకన్నా తండ్రులే ఎక్కువ క్లిక్ చేస్తారు. మాఘమాసం ముహూర్తాల్లో నా పేజ్‌మేకర్ ఫోల్డర్ జోలికి రాకండి. అందులో ఇప్పటికే ‘శుభలేఖ ఫైనల్’, ‘శుభలేఖ ఫైనల్ 2’, ‘శుభలేఖ అసలు ఫైనల్’ ఉన్నాయి. పెళ్లికూతురి మేనమామ పేరు ఏ దాంట్లో దిద్దామో మాకే గుర్తులేదు. తమరు ఇంకో మూడు కలపకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
జెరాక్స్ షాపువాడు