పలకకు ముందు పలుకు

కర్నూలు జిల్లా పశ్చిమాన, కర్ణాటక సరిహద్దు వెంబడి ఉన్న పల్లెల్లో అంగన్వాడీకి వచ్చే మూడేళ్ల పిల్లకు ఇంట్లో వినిపించేది కన్నడం కావచ్చు. ఆదోని పేటల్లో అయితే ఉర్దూ, తండాల్లో అయితే సుగాలీ మాట. పక్కన కూర్చున్న పిల్లవాడిది తెలుగు. ఇన్ని ఇళ్ల నుంచి వచ్చిన ఇంతమందికి కలిపి ఉన్నది ఒక గది, ఒక కార్యకర్త, ఒక ఆయా.

నేర్చుకోవాలన్న ఉబలాటం ఈ పిల్లల్లో ఎవరికీ తక్కువ కాదు. కానీ టీచరు మాట అర్థంకాని పిల్ల నెలల తరబడి నోరు మెదపకపోతే, ఆ పిల్లకు తెలివి లేదని పెద్దలు తేల్చేస్తున్నారు. ఇది ఘోరమైన అన్యాయం. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ఆ వయసులో పడిన ముద్ర ఒకటో తరగతిలోకీ వెంట వస్తుంది.

చింతగింజలు, శనగలు, వేరుశనగ కాయలు కలిపి కుప్పగా పోసి వేరు చేయమనండి. మౌనంగా ఉన్న పిల్లే అందరికంటే ముందు పూర్తి చేయవచ్చు. చేతులు ఆడుతుంటే నోరూ కదులుతుంది. ఎవరి మాటలో వారు లెక్కపెడతారు, పక్కవారి లెక్క వింటారు, కొద్ది వారాల్లో దాన్నీ పట్టేస్తారు. కుండలో గులకరాళ్లు వేసిన కాకి కథను నిజమైన కుండ, నిజమైన రాళ్లతో ఆడి చూపితే నీళ్లు పైకి వచ్చేసరికి గదంతా కేరింతలే. మంచి కార్యకర్తలకు ఈ విద్య తెలుసు. వారు మూడు భాషల్లో దిట్టలు కానక్కరలేదు. రమ్మనడానికి, ఆకలి అడగడానికి, ఏడుపు ఊరడించడానికి పిల్ల ఇంటి మాటలు పాతిక వస్తే చాలు, బెరుకు సగం పోతుంది.

ఆ పనికి కార్యకర్తకు తీరిక ఏదీ? బరువులు, ఎత్తులు, రిజిస్టర్లు, అంగన్వాడీల యాప్ అయిన పోషణ్ ట్రాకర్‌లో నమోదు, ముఖ గుర్తింపు, గర్భిణులకు సరుకులు. వీటి మధ్య చదువు ఆఖరి వరుసకు జారుతోంది. ఉదయం పూట ఆట, పాట, కథలకు కేటాయించిన సమయంలో యాప్ పనులు, సమావేశాలు పెట్టరాదని స్పష్టమైన ఉత్తర్వు రావాలి. రెండు భాషల ఊళ్లలో కార్యకర్తది ఒక భాష అయితే ఆయాను రెండో భాష వారి నుంచి తీసుకోవాలి. దీనికి పెద్ద ఖర్చూ లేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. నాలుగేళ్లకే ఏబీసీడీలు రాయకపోతే వెనకబడిపోతారన్న భయం వద్దు. వేళ్లలో బలం రాకముందే బలపం పట్టించి గీయిస్తే చదువంటేనే విసుగు పుడుతుంది.

చట్టం కూడా ఈ వయసును గట్టిగా పట్టించుకోలేదు. 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ విద్యాహక్కును 6 నుంచి 14 ఏళ్ల వారికే పరిమితం చేసింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన వారికి ఉచిత పూర్వ ప్రాథమిక విద్యను ప్రభుత్వాలు ఏర్పాటు చేయవచ్చని చెప్పి ఊరుకుంది. చేసి తీరాలని సవరించాలన్నది మా డిమాండు.

అన్నిటికంటే మమ్మల్ని కలచివేస్తున్నది సుగ్గి, అంటే కూలి పనుల కోసం పోయే వలస. వానలు ముఖం చాటేసిన ఏడు ఈ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు, తెలంగాణకు తరలిపోతాయి. బడి ఈడు పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. మూడు నాలుగేళ్ల వారు తల్లి కొంగు పట్టుకుని వెళ్లి చేను గట్టున పొద్దు గడుపుతారు. అప్పుడప్పుడే విప్పిన నోరు మళ్లీ మూతపడుతుంది. వలస వెళ్లిన వారి పేర్లను మరో కేంద్రానికి మార్చే వీలు పోషణ్ ట్రాకర్‌లో ఉంది. కోడిగుడ్డుతో పాటు కథ, ఆట కూడా వారికి అక్కడ అందాలి. వెళ్లే పిల్లల జాబితాను, వారు మాట్లాడే భాషతో సహా, దసరాకు ముందే సిద్ధం చేసి వారు చేరే జిల్లాల్లో అంగన్వాడీలను నడిపే ఐసీడీఎస్ అధికారులకు పంపే బాధ్యతను కర్నూలు జిల్లా యంత్రాంగం ఈ ఏడాదే తలకెత్తుకోవాలి.